పాప తలలో పేనుకొరుకుడు. ఒక్క పేనూ దొరకలేదు, మరి కొరికింది ఏమిటి?

గోదారి_గట్టు | జూన్ 18, ఉదయం 6:52

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. పాపకి పదకొండేళ్లు, ఆరో తరగతి. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు పొద్దున్నే జడ వేస్తున్నాను. ఎడమ చెవి పైన దువ్వెన ఒక్కసారిగా జారినట్టయింది. పాయలు విడదీసి చూస్తే పది రూపాయల బిళ్లంత మేర ఒక్క వెంట్రుక లేదు. పుండు లేదు, పొక్కు లేదు, దురద లేదు. వేలు పెడితే బుగ్గ ముట్టుకున్నట్టు నున్నగా ఉంది.

మా అత్తయ్యగారు చూసిన క్షణమే "పేనుకొరుకుడే" అన్నారు. ఇక అప్పటి నుంచి ఇంట్లో పేల వేట. దిండు గలీబులు వేడినీళ్లలో ఉడకబెట్టాం, పేల దువ్వెనతో పొద్దునా సాయంత్రం దువ్వాం. పేను కాదు కదా, ఈపి కూడా దొరకలేదు. అత్తయ్యగారేమో గురివింద గింజ అరగదీసి పూస్తానంటున్నారు. దానికి తోడు బళ్లో పాప పక్కన కూర్చునే అమ్మాయి వాళ్లమ్మ, తమ పిల్లకు వేరే బెంచీ ఇమ్మని అడిగారట. పాప వచ్చి "అమ్మా, నాది అంటుకుంటుందా?" అంది. ఏం చెప్పాలో తెలియక "పడుకో తల్లీ" అన్నాను.

అంటుకుంటుందా? పేను లేకపోతే మరి కొరికింది ఏమిటి?


బెజవాడ_బాబాయ్ | జూన్ 18, ఉదయం 7:30

కంగారు పడకమ్మా. నాకు పాతికేళ్లప్పుడు గడ్డంలో వచ్చింది. నాకసలు తెలియనే తెలియదు, క్షవరం చేస్తూ మంగలి చెప్పాడు, "అన్నా, ఇక్కడ పేను కొరికింది" అని. గడ్డంలో పేను ఏంట్రా అని నవ్వాను. మందార పువ్వు నలిపి రోజూ రుద్దాను. మూడు నెలల్లో వచ్చేసింది. ఇప్పుడు చూడు, గడ్డం గీసుకోలేక చస్తున్నా.


స్కిన్_ఓపీ | జూన్ 18, ఉదయం 8:05

ముందు గురివింద గింజ దగ్గర ఆగండి, మిగతాది తర్వాత. ఆ గింజలో అబ్రిన్ అనే విషం ఉంటుంది. నమిలి మింగితే ప్రాణం మీదకు వస్తుంది. అరగదీసి పూసినప్పుడు పొక్కులెక్కి, చీము పట్టి నా దగ్గరకు వచ్చిన పిల్లలు ఉన్నారు. ఇంట్లో గింజలుంటే పిల్లలకు అందకుండా తీసేయండి.

రెండోది, మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది అలోపీసియా ఏరియేటా (పేనుకొరుకుడుకి డాక్టర్లు వాడే పేరు) లాగానే ఉంది. అదే అయితే అంటుకోదు. దువ్వెన పంచుకున్నా, ఒకే దిండు మీద పడుకున్నా రాదు. కానీ ఫొటో కూడా చూడకుండా నేను ఖాయం చేయకూడదు. పిల్లల్లో ఇలాంటి మచ్చను చూసి పొరపడేవి ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి తలలో తామర. అది ఫంగస్. అందులో పొట్టు రాలుతుంది, దురద ఉంటుంది, వెంట్రుకలు తెగి నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. అది మాత్రం అంటుకుంటుంది. వెంట్రుక తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే తేలిపోతుంది. రెండోది పిల్లలు తెలియకుండానే జుట్టు పీక్కోవడం. అందులో మచ్చ ఇంత నున్నగా ఉండదు, పొట్టీ పొడుగూ వెంట్రుకలు మిగులుతాయి.

ఒక పని చేయండి. పగటి వెలుతురులో మచ్చ అంచున చూడండి. అక్కడక్కడా అరంగుళం కన్నా చిన్న వెంట్రుకలు, పైన లావుగా, చర్మం దగ్గరకు వచ్చేసరికి సన్నగా ఉన్నాయా? ఆశ్చర్యార్థకం గుర్తు చూడండి, అచ్చం అలా. తర్వాత చేతి గోళ్లు. గుండుసూదితో పొడిచినట్టు గుంటలున్నాయా?


గోదారి_గట్టు | జూన్ 18, ఉదయం 8:41

ఉన్నాయండి! అంచున నాలుగైదు అలాంటి వెంట్రుకలున్నాయి. నేను తెగినవనుకున్నాను. గోళ్లు బాగానే ఉన్నాయి. గింజలు అత్తయ్యగారి పోపుల పెట్టెలోంచి తీసి పారేశాను. ఆవిడ మాట్లాడటం లేదు ప్రస్తుతానికి.


ల్యాబ్‌కోటు | జూన్ 18, ఉదయం 10:20

"కొరికింది ఏమిటి" అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్తా. నా పనే అది (ఎలుకల మీద అనుకోండి).

కొరికింది ఒంట్లోని సైనికులే. సీడీ8 అనే తెల్ల రక్తకణాలు. మామూలుగా వాటి పని వైరస్ పట్టిన కణాలను వెతికి చంపడం. వెతకడానికి వాటికో పద్ధతి ఉంది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన లోపల ఏం తయారవుతోందో చిన్న ముక్కలుగా బయటికి వేలాడదీస్తుంది, మెడలో ఐడీ కార్డులా. సైనికుడు వచ్చి కార్డు చూస్తాడు. తేడా ఉంటే అక్కడే కాల్చేస్తాడు.

పెరిగే దశలో ఉన్న వెంట్రుక కుదురు మాత్రం ఆ కార్డు దాదాపుగా చూపించదు. కన్ను, వృషణాలు, కడుపులో బిడ్డ ఉండే మావి కూడా ఇలాంటి చోట్లే. గర్భగుడిలోకి పోలీసులు బూట్లతో రారు కదా, అలా అన్నమాట. కుదురు చుట్టూ "ఇక్కడ గొడవ చేయొద్దు" అని చెప్పే రసాయనాలు కూడా ఉంటాయి. దీన్ని ఇమ్యూన్ ప్రివిలేజ్ అంటారు.

పేనుకొరుకుడులో ఆ మర్యాద పోతుంది. కుదురు కణాలు కార్డులు చూపించడం మొదలుపెడతాయి. దానికి తోడు "నేను ఆపదలో ఉన్నాను" అనే జెండాలు ఎగరేస్తాయి. ఆ జెండాను గుర్తుపట్టే కొక్కెం సీడీ8 కణాల మీద ఉంటుంది, ఎన్‌కేజీ2డీ అని. ఇక గుంపులు గుంపులుగా వచ్చి కుదురు చుట్టూ ముసురుతాయి. బయాప్సీ ముక్కను మైక్రోస్కోప్ కింద చూసినవాళ్లు దానికి పెట్టిన పేరే "తేనెటీగల గుంపు".

2010లో కొలంబియా యూనివర్సిటీలో ఏంజెలా క్రిస్టియానో బృందం ఈ జబ్బున్న 1,054 మంది జన్యువులను, లేని 3,278 మంది జన్యువులతో పోల్చింది. ఆ జెండాల జన్యువులు అక్కడే బయటపడ్డాయి. చాలామంది దీన్ని సోరియాసిస్‌కి చుట్టం అనుకునేవారు. తీరా చూస్తే కీళ్లవాతం, టైప్ 1 షుగర్ లాంటి వాటితో జన్యువులు కలిశాయి. క్రిస్టియానోకి కూడా ఇదే జబ్బు ఉంది. తన తల మీద మచ్చ చూసుకున్నాకే ఆవిడ ఈ దారి పట్టారు.


పాలమూరు_పోరడు | జూన్ 18, ఉదయం 11:02

అంటే ఇమ్యూనిటీ ఎక్కువైతే వస్తదన్నట్టు. కరోనా టైమ్‌ల మా ఇంట్ల తాగిన కషాయాలకు మేమందరం గుండు కావాలె మరి 😄


ల్యాబ్‌కోటు | జూన్ 18, ఉదయం 11:15

ఎక్కువ తక్కువల సంగతి కాదు భాయ్, గురి సంగతి. ఈ జబ్బున్నవాళ్లకు జలుబు మామూలుగానే వస్తుంది, మామూలుగానే తగ్గుతుంది. సైన్యం బలం అంతే ఉంది, తుపాకీ తిరిగిన వైపు తప్పు. అందుకే "ఇమ్యూనిటీ బూస్టర్" అని అమ్మేవాటికి ఇక్కడ పనిలేదు.

ఇంకో విచిత్రం. ఈ కణాలకు నల్ల వెంట్రుక మీదే పగ. నల్లవీ తెల్లవీ కలిసిన తలలో నల్లవి రాలిపోయి తెల్లవి నిలబడతాయి. "రాత్రికి రాత్రి జుట్టు తెల్లబడింది" అన్న పాత కథల్లో కొన్నింటికి మూలం ఇదే అయ్యుండొచ్చు. జుట్టు తెల్లబడలేదు, నల్లవి వెళ్లిపోయాయి.


కందిపొడి | జూన్ 18, మధ్యాహ్నం 1:48

ఇదంతా టెన్షన్ వల్లే వస్తుంది. ఇప్పటి పిల్లలకు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్లు. పాపను కాస్త ఆడుకోనివ్వండి.


స్కిన్_ఓపీ | జూన్ 18, మధ్యాహ్నం 2:30

ఆడుకోనివ్వండి, దానికి నా మద్దతు. కానీ టెన్షన్‌తో రాలేది వేరే రకం. డెంగీ, టైఫాయిడ్, కరోనా, కాన్పు, పెద్ద దిగులు... వీటి తర్వాత రెండు మూడు నెలలకు తలంతా పలచబడుతుంది, దువ్వితే గుప్పెళ్లు వస్తాయి. అక్కడ సైన్యం గొడవేమీ లేదు, వెంట్రుకలన్నీ ఒకేసారి విశ్రాంతి దశకు వెళ్లిపోతాయి. దానంతట అదే సర్దుకుంటుంది. ఇలా బిళ్ల గీసినట్టు మచ్చ పడితే కథ వేరు. దిగులు తర్వాతే మొదలైందని చెప్పే పేషెంట్లు నాకూ ఉన్నారు. ఏ దిగులూ లేనివాళ్లు అంతకన్నా ఎక్కువ. "నీ టెన్షన్ వల్లే వచ్చింది" అంటే, జుట్టు పోయిన పిల్ల మీద తప్పు కూడా వేసినట్టవుతుంది.

బాబాయ్ గారూ, మీ మందారం గురించి. ఒకటి రెండు మచ్చలతో ఆగినవాళ్లలో సుమారు సగం మందికి ఏడాది లోపు ఏ మందూ లేకుండానే తిరిగి వస్తుంది. ఆ ఏడాదిలో ఎవరు ఏది రుద్దితే దానికి పేరొస్తుంది.


బెజవాడ_బాబాయ్ | జూన్ 18, మధ్యాహ్నం 2:44

కాకి వాలింది, తాటిపండు పడింది అంటారు. సర్లే, కాకినే అనుకో నన్ను.


చిత్తూరు_చింతకాయ | జూన్ 18, సాయంత్రం 5:10

ఉల్లిపాయ రసం మీద నిజంగానే పరిశోధన ఉందని విన్నాను?


స్కిన్_ఓపీ | జూన్ 18, సాయంత్రం 6:25

ఉంది. 2002లో ఇరాక్ డాక్టర్లు చేశారు. రోజుకు రెండుసార్లు ఉల్లి రసం పూసిన 23 మందిలో 20 మందికి ఆరు వారాల్లో జుట్టు వచ్చింది, మంచినీళ్లు పూసిన వాళ్లలో కొద్దిమందికే వచ్చింది. కానీ చాలా చిన్న అధ్యయనం. ఎవరికి ఏది పూస్తున్నారో వాసనకే తెలిసిపోతుంది.

కాకపోతే అందులో ఒక తర్కం లేకపోలేదు. పెద్దాసుపత్రుల్లో డీపీసీపీ అనే ద్రావణం వాడతాం. అది వెంట్రుకల మందు కాదు, ఎలర్జీ తెప్పించే రసాయనం. ముందు ఒకచోట పూసి ఒంటికి దాని మీద ఎలర్జీ పుట్టిస్తాం. తర్వాత వారం వారం పలచగా తల మీద రాస్తాం. చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. కుదురు మీద ముసిరిన కణాల దృష్టి ఆ కొత్త గొడవ వైపు మళ్లుతుందని ఒక వివరణ. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే జీడిగింజ ఒంటికి తగిలితే ఎలా పొక్కుతుందో అలాంటి చర్యే, కాకపోతే కొలత మన చేతిలో ఉంటుంది. గురివింద, జీడి, జిల్లేడు పాలు అన్నిట్లోనూ కొలత లేకపోవడమే చిక్కు. ఇది చదివి ఎవరూ ఇంట్లో జీడి రాయకండి, దయచేసి.


[కేశసిరి_ఆయిల్ పెట్టిన పోస్టు తొలగించబడింది. ఫోన్ నంబర్లు, నూనెల ప్రకటనలు ఇక్కడ వద్దు. మందుల డోసులు కూడా రాయొద్దు: నిర్వాహకుడు]


ఓరుగల్లు_కోట | జూన్ 18, రాత్రి 10:55

మూడేళ్లుగా ఈ వేదిక చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. నాకు ముప్పై ఎనిమిది. మొదటి మచ్చ ఇరవై తొమ్మిదిలో. సూదులు వేయించుకుంటే వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ముప్పై మూడులో నాలుగు నెలల్లో మొత్తం పోయింది. తల, కనుబొమ్మలు, రెప్పలు, చేతుల మీద నూగు, అన్నీ.

జుట్టు పోతే అందం పోతుందనుకుంటారు. అందం సంగతి తర్వాత. కనుబొమ్మలు లేకపోతే చెమట నేరుగా కంట్లోకి కారుతుంది, మే నెలలో బండి నడపలేం. రెప్పలు లేకపోతే దుమ్మంతా కంట్లోనే. ముక్కులో వెంట్రుకలు కూడా పోతాయి, ముక్కు ఎప్పుడు కారుతుందో తెలియదు. పెళ్లిలో భోజనానికి కూర్చుంటే విస్తరిలో పడుతుందేమోనని కర్చీఫ్ పట్టుకుని తినేవాణ్ణి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఆధార్ ఫొటోని, నన్ను మూడుసార్లు మార్చి మార్చి చూశారు. ఆఫీసులో తెలియనివాళ్లు "తిరుపతి ఎప్పుడెళ్లొచ్చారు, లడ్డూ ఏది?" అనేవాళ్లు. కాస్త తెలిసినవాళ్లు గొంతు తగ్గించి "కీమోనా అన్నా?" అనేవాళ్లు. నాకు మొదటి ప్రశ్నే నయం అనిపించేది.

మా అమ్మ నిజంగానే మొక్కుకుంది, "ఒకసారి గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తది" అని. అప్పటికి ఇంకా సగం జుట్టుంది. వెళ్లాను, ఇచ్చాను. ఆ సగమే వచ్చింది. కత్తి పని చర్మం పైన, గొడవ చర్మం కింద, ఎట్లా వస్తది? అయినా అమ్మకు చెప్పలేదు.

తర్వాత ఒక క్లినిక్‌లో ఏడాది ప్యాకేజీ అన్నారు. ముందే డబ్బంతా కట్టించుకున్నారు. నెలనెలా తల మీద రక్తం సీరం సూదులు. ఎనిమిదో నెలలో అడిగితే "మీ బాడీ రెస్పాండ్ అవ్వట్లేదు" అన్నారు. తప్పు నా బాడీది అయిపోయింది.

రెండేళ్ల కింద వేరే డాక్టరమ్మ జాక్ ఇన్హిబిటర్ అనే మాత్ర గురించి చెప్పింది. నాకు రాసింది బారిసిటినిబ్. వెంటనే మొదలుపెట్టలేదు. ముందు టీబీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్, రక్తకణాలు, లివర్, కొలెస్ట్రాల్. సిగరెట్ తాగుతావా, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని అడిగింది. మొదటి మూడు నెలలు ఏం లేదు. మొటిమలొచ్చాయి, అదొక్కటే మార్పు. నాలుగో నెలలో ఓ రోజు ముఖం కడుక్కుంటుంటే వేళ్లకు ఏదో గరుకుగా తగిలింది. కనుబొమ్మ. అద్దం ముందు నిలబడి టార్చ్ వేసి లెక్కపెట్టా. పదకొండు.


గోదారి_గట్టు | జూన్ 18, రాత్రి 11:20

అన్నా, చదువుతుంటే కళ్లు నిండాయి. ఇప్పుడు మొత్తం వచ్చిందా?


ఓరుగల్లు_కోట | జూన్ 18, రాత్రి 11:41

తలలో పదో వంతు ఇంకా ఖాళీయే అక్కా. ఇంకో మాట కూడా చెప్పాలి. పోయిన ఏడాది అంతా బాగైందని నేనే మందు ఆపేశా. డబ్బులు కూడా కారణం. పదో వారానికి దిండు మీద వెంట్రుకలు. మళ్లీ మొదలుపెట్టి దారిలోకి తెచ్చుకునేసరికి ఇంకో ఆరు నెలలు పట్టింది.


ల్యాబ్‌కోటు | జూన్ 19, ఉదయం 9:12

కోట గారూ, ధన్యవాదాలు. మందు ఆపితే ఎందుకు పోయిందో చెప్పడానికి మీ పోస్టే మంచి సందర్భం.

కుదురు మీదకు వచ్చిన సీడీ8 కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం వదులుతుంది. అది కుదురు కణాన్ని తాకితే, ఆ కణం భయపడి ఇంకా ఎక్కువ కార్డులు చూపిస్తుంది, పైగా ఐఎల్-15 అనే రసాయనం వదులుతుంది. ఐఎల్-15 సీడీ8 కణాలకు మేత. అవి ఇంకా బలిసి, ఇంకా ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి. ఇద్దరూ అరుచుకుంటూ గొంతులు పెంచుకున్నట్టు. ఈ రెండు అరుపులూ కణం లోపలికి చేరేది జాక్ అనే ఎంజైముల ద్వారానే. మాత్ర ఆ తీగను కట్ చేస్తుంది. అరుపు వినపడదు, గొడవ సద్దుమణుగుతుంది.

2014లో క్రిస్టియానో, రాఫెల్ క్లైన్స్ బృందం ఈ జబ్బు తెప్పించిన ఎలుకల మీద ఇది చూపించింది. ముగ్గురు పేషెంట్లకు రుక్సోలిటినిబ్ అనే జాక్ మందు ఇస్తే ఐదు నెలల్లోపు జుట్టు వచ్చింది. అదే ఏడాది అమెరికాలోని యేల్ యూనివర్సిటీ‌లో ఒంటి మీద దాదాపు వెంట్రుకలే లేని ఇరవై ఐదేళ్ల మనిషికి, సోరియాసిస్ కూడా ఉందని టోఫాసిటినిబ్ అనే ఇంకో జాక్ మందు ఇచ్చారు. ఎనిమిది నెలల్లో తల, కనుబొమ్మలు, గడ్డం వచ్చాయి. సోరియాసిస్ కూడా కొంత తగ్గింది!

అయితే తీగ కట్ చేసినా, దారి తెలిసిన సైనికులు చర్మంలోనే కాపురం ఉంటారు. మందు ఆపగానే తీగ అతుక్కుంటుంది. ఇది కుళాయి కట్టేయడం, పైపు బాగుచేయడం కాదు.

మంచి కబురు ఏమిటంటే, ఈ దాడి కుదురు అడుగుభాగం మీదే. వెంట్రుకను మళ్లీ పుట్టించే మూలకణాలు కొంచెం పైన, వేరే గూట్లో ఉంటాయి. వాటి జోలికి పోవు. అందుకే ఏళ్ల తర్వాత కూడా జుట్టు వచ్చే అవకాశం ఉంటుంది. లైకెన్ ప్లానోపిలారిస్ అని ఇంకో జబ్బుంది, అందులో ఆ గూడే కాలిపోయి మచ్చ కడుతుంది. అక్కడ ఇక రాదు.


పాలమూరు_పోరడు | జూన్ 19, ఉదయం 9:50

నిన్న జోకు వేసినందుకు సారీ అన్నా. ఒక డౌటు. ఇంత మంచి మాత్ర ఉన్నప్పుడు అందరికీ ఎందుకు ఇయ్యరు?


స్కిన్_ఓపీ | జూన్ 19, మధ్యాహ్నం 3:15

అందరికీ పనిచేయదు కాబట్టి, అందరికీ అవసరం లేదు కాబట్టి.

తలను వంద భాగాలు చేసి ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కేస్తాం. దాన్ని సాల్ట్ స్కోరు అంటారు. యాభై, ఆపైన ఉంటే తీవ్రం. బారిసిటినిబ్ పెద్ద ట్రయల్స్ రెండూ అలాంటి పెద్దవాళ్ల మీదే. 36 వారాలకు స్కోరు ఇరవైకి లేదా అంతకన్నా కిందికి దిగినవాళ్లు, ఎక్కువ డోసు మీద ఒకదాంట్లో 38.8 శాతం, ఇంకోదాంట్లో 35.9 శాతం. మందు లేని ఉత్తి మాత్ర మీద 6.2, 3.3. ముందు ఏమీ లేని చోట ఇది పెద్ద విషయమే, 2022 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది అందుకే. కానీ ముగ్గురిలో ఇద్దరికి ఆ గీత దాటలేదని కూడా చదవాలి. కోట గారు అదృష్టవంతుల వైపు ఉన్నారు.

ఇక ప్రమాదాలు. ఈ మందుల డబ్బాల మీద అమెరికాలో గట్టి హెచ్చరిక వేయిస్తారు: తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్, గుండెపోటు, రక్తం గడ్డకట్టడం. ఆ హెచ్చరికకు దారి తీసింది ఎక్కువగా యాభై దాటి, గుండె ముప్పు ఉన్న కీళ్లవాతం పేషెంట్ల మీద టోఫాసిటినిబ్‌తో చేసిన అధ్యయనం. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడికి అంతే ముప్పు ఉండకపోవచ్చు. అలాగని కొట్టిపారేయలేం. మన దగ్గర ముందు చూసేది టీబీ. ఎంతోమంది ఒంట్లో టీబీ క్రిమి ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటుంది. దానికి కాపలా కాసేది కూడా ఇదే ఇంటర్‌ఫెరాన్ గామా. కాపలావాణ్ణి పడుకోబెడితే దొంగ లేస్తాడు. పరీక్ష చేయకుండా ఎవరైనా ఈ మాత్ర రాస్తే లేచి వచ్చేయండి.


మందుల_బల్ల | జూన్ 19, సాయంత్రం 7:02

షాపు నడుపుతాను కాబట్టి ఒక మాట. బారిసిటినిబ్ మన దేశంలో ఇంత తొందరగా జనరిక్‌లో దొరకడానికి కారణం కరోనా. 2021 మేలో, రెండో వేవ్‌లో, కరోనా పేషెంట్లకు దీన్ని అత్యవసరంగా అనుమతించారు. మన హైదరాబాద్ నాట్కో కంపల్సరీ లైసెన్స్‌కి (పేటెంటు వేరేవాళ్లదైనా తయారు చేసుకోనిచ్చే ప్రభుత్వ అనుమతి) దరఖాస్తు పెట్టింది. ఆ తర్వాత పేటెంటున్న ఎలై లిల్లీయే నాట్కోతో పాటు డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్ఎన్ లాంటి వాటికి ఉచితంగా లైసెన్సులిచ్చింది. ఊపిరి అందనివాళ్ల కోసం దిగిన మందు ఇవాళ జుట్టు కోసం వాడుతున్నారు.

చెడ్డ సంగతి: చీటీ లేకుండా "జుట్టు మాత్ర ఇవ్వండి" అని అడిగేవాళ్లు పెరిగారు. యూట్యూబ్ పుణ్యం. నేను ఇవ్వను. పక్క షాపు సంగతి నాకు తెలియదు.


అట్లాంటా_అత్త | జూన్ 20, తెల్లవారుజాము 4:30

మా అన్నయ్య మనవడికి పద్నాలుగేళ్లు, ఇక్కడే. వాడికి రిట్లెసిటినిబ్ అనే ఇలాంటి జాక్ మందే ఇస్తున్నారు. 2023లో వచ్చింది, పన్నెండేళ్లు దాటినవాళ్లకు. ఇన్సూరెన్స్ వాళ్లు మొదట "అందం కోసం వాడే మందు" అని తిప్పికొట్టారు. డాక్టర్ ఉత్తరం మీద ఉత్తరం రాస్తే ఐదో నెలలో ఒప్పుకున్నారు. పిల్లాడు ఆ ఐదు నెలలూ జూమ్‌లో కెమెరా ఆన్ చేయలేదు. ఇప్పుడు వెనక వైపు వచ్చింది, ముందు ఇంకా రాలేదు. టోపీ లేకుండా బాస్కెట్‌బాల్‌కి వెళ్తున్నాడు, మాకది చాలు.


గోదారి_గట్టు | జూన్ 20, రాత్రి 9:35

డాక్టర్ దగ్గరకు వెళ్లొచ్చాం. అలోపీసియా ఏరియేటానే అన్నారు. ఫంగస్ పరీక్ష కూడా చేశారు, లేదు. థైరాయిడ్‌కి రక్తం తీశారు. ఇంట్లో ఎవరికైనా బొల్లి, ఉబ్బసం ఉన్నాయా అని అడిగారు. మా నాన్నగారికి బొల్లి ఉంది. అది కూడా ఈ కుటుంబంలోదే అట. ఇన్నేళ్లూ ఆయన చేతుల మీద మచ్చల గురించి మాట్లాడుకోవడమే మానేశాం మేము.

మాత్రలేవీ లేవు. పూయడానికి స్టెరాయిడ్ లోషన్ ఇచ్చారు. మూడు నెలలు చూసి, తగ్గకపోతే, పాప ఓర్చుకుంటే, మచ్చలోకి చిన్న చిన్న సూదులట. కోట అన్నా, అవి బాగా నొప్పా?


ఓరుగల్లు_కోట | జూన్ 20, రాత్రి 10:10

షుగర్‌వాళ్లు వాడే ఇన్సులిన్ సిరంజీతోనే వేస్తరు అక్కా. గండుచీమ కుట్టినట్టు, మచ్చకు పది పదిహేను చోట్ల. నాకు ఒకచోట చిన్న గుంట పడి కొన్ని నెలలకు పూడింది. ముందు మొద్దుబారే క్రీమ్ రాయమని అడగండి. అడిగితే రాస్తరు, అడగకపోతే కొందరు రాయరు.


స్కిన్_ఓపీ | జూన్ 21, ఉదయం 7:20

సరైన దారే. ఒక్క మచ్చకు ఒళ్లంతా పనిచేసే మందు ఇవ్వకపోవడం మంచి డాక్టర్ లక్షణం. కొత్త మచ్చలు వస్తున్నాయా అన్నది చూడండి. ముఖ్యంగా మెడ పైన, చెవుల వెనక అంచు వెంబడి పాములా పాకితే ఆలస్యం చేయకుండా చూపించండి, ఆ రకం మొండిది. నెలకోసారి పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు.

బడికి డాక్టర్ దగ్గర "అంటువ్యాధి కాదు" అని రెండు వాక్యాలు రాయించుకోండి. నేను నెలకు నాలుగైదు రాస్తుంటాను.


గోదారి_గట్టు | అక్టోబర్ 27, రాత్రి 8:48

చాలా రోజులైంది. ఫొటోలు పెట్టడం పాపకు ఇష్టం లేదు, మాటల్లో చెప్తాను.

ఉత్తరం పనిచేసింది. క్లాస్ టీచర్ దాన్ని చదివి ఊరుకోలేదు, సైన్స్ పీరియడ్‌లో తెల్ల రక్తకణాల గురించి పాఠం చెప్తూ పాపనే లేపి చెప్పమన్నారట. "మా ఇంటి కుక్క మమ్మల్నే కరిచింది" అని చెప్పిందట. బెంచీ మారిన అమ్మాయి మళ్లీ పక్కకు వచ్చేసింది.

సెప్టెంబర్ మొదట్లో మచ్చ మధ్యలో నూగు కనిపించింది. తెల్లగా, పీచుమిఠాయిలా. అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చూసి "ఇదేంటే, దీనికి ముసలి వెంట్రుకలు వస్తున్నాయి" అన్నారు. రంగు తర్వాత వస్తుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి నేను భయపడలేదు. ఇప్పుడు మొదళ్లు నల్లబడుతున్నాయి. సూదుల దాకా వెళ్లలేదు. లోషన్ పనిచేసిందో, సగం మందికి వచ్చినట్టే దానంతట అదే వచ్చిందో నాకు తెలియదు. అత్తయ్యగారు మాత్రం అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకొచ్చిన రోజు నుంచి లెక్కపెడుతున్నారు.


బెజవాడ_బాబాయ్ | అక్టోబర్ 27, రాత్రి 9:05

కాకుల్లో ఇంకొకటి చేరింది 😄 చల్లని కబురు చెప్పావమ్మా.


గోదారి_గట్టు | అక్టోబర్ 27, రాత్రి 9:22

పూర్తి చల్లనిది కాదు బాబాయ్ గారూ, అందుకే వచ్చాను అసలు. ఆదివారం తలంటు పోస్తుంటే కుడి చెవి వెనక ఇంకోటి కనిపించింది. రూపాయి బిళ్ల కన్నా చిన్నది. పక్కన బిళ్ల పెట్టి ఫొటో తీసి డాక్టర్‌కి పంపాను, బుధవారం రమ్మన్నారు.

పాపకు చెప్పాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను. దానికి ముందే తెలుసు. నాలుగు రోజుల నుంచి రెండు జడలు వద్దు, ఒక్కటే వేసి కుడి వైపుకి కాస్త దించమంటోంది. నేనే గమనించలేదు.